గాండో బడి: ఒక కప్పు కింద రెండు దేశాల చదువు

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో, రాజధాని వాగడూగుకి ఆగ్నేయంగా దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో గాండో అనే పల్లె ఉంది. 2001లో అక్కడ మూడు తరగతి గదుల ప్రాథమిక పాఠశాల పూర్తయింది. ప్లాను గీసింది ఆ ఊరివాడే, డియెబెడో ఫ్రాన్సిస్ కేరే. అప్పటికి ఆయన బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఇంకా విద్యార్థి. డిగ్రీ 2004లో వచ్చింది. అదే ఏడు ఈ బడికి ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. 2022లో ఆయనకు ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద గౌరవంగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. దాన్ని అందుకున్న తొలి ఆఫ్రికన్ ఆయనే.

నేను అనంతపురం చుట్టుపక్కల చిన్న భవనాలు చేసే ఆర్కిటెక్టుని. బళ్లు, ఆరోగ్య ఉపకేంద్రాలు, రైతుల ఇళ్లు. ఎండలు నిప్పులు చెరిగే నెలల్లో రేకుల గదుల్లో పిల్లలు చెమటతో తడిసి కూర్చోవడం చూస్తూనే ఉంటాను. అందుకే ఈ బడి డ్రాయింగులు నా బల్ల మీద నుంచి లోపలికి పోవు. ఒకే భవనాన్ని లోతుగా పరిశీలించే ఈ కేసు రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. పలు సంస్కృతుల మధ్య పెరిగిన ఆర్కిటెక్టు అనగానే, ఎలివేషన్‌లో ఒక రాజస్థానీ ఝరోకా, ఒక గ్రీకు స్తంభం, వెనక ఒక బాలి తరహా నీళ్ల తొట్టి కలిపి పెట్టేవాడని మన దగ్గర చాలామంది అనుకుంటారు. గాండోలో అలాంటి కలగలుపు ఎక్కడా కనపడదు. అయినా కేరే బుర్కినా, జర్మనీ రెండు దేశాల్లోనూ బతికి ఉండకపోతే ఆ భవనం లేచేది కాదు. ఏ నిర్ణయం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్కటిగా విడదీసి చూడాలని నా ప్రయత్నం.

మనిషి

కేరే 1965లో పుట్టాడు. ఊరి పెద్దకి మొదటి కొడుకు, ఆ ఊళ్లో బడికి వెళ్లిన మొదటి పిల్లాడు. గాండోలో బడి లేదు కాబట్టి ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి తెంకొదోగో అనే పట్టణానికి వెళ్లాల్సి వచ్చింది. అక్కడి తరగతి గది సిమెంటు దిమ్మెలతో కట్టింది. గాలి లేదు, వెలుతురు లేదు, వందమందికి పైగా పిల్లలు. ఆ ఉక్కలో గంటల తరబడి కూర్చున్న సంగతి ఆయన ఇప్పటికీ చెబుతుంటాడు. ఊళ్లో రాత్రిపూట చిన్న దీపం వెలుగులో అవ్వ కథలు చెబుతుంటే పిల్లలంతా దగ్గరగా ముడుచుకుని కూర్చోవడం, ఆ గొంతు చుట్టూ ఒక గది ఏర్పడినట్టు అనిపించడం కూడా ఆయన చెప్పిన జ్ఞాపకమే. ఒక గది ఎలా ఉండకూడదో, ఎలా ఉండాలో ఈ రెండు అనుభవాలు చిన్నప్పుడే నేర్పాయి.

1985లో వడ్రంగం నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ మీద బెర్లిన్ వెళ్లాడు. పగలు ఇంటి పైకప్పులు, ఫర్నిచర్ చేయడం నేర్చుకుంటూ రాత్రి బడిలో హైస్కూలు చదువు పూర్తి చేశాడు. 1995లో ఆర్కిటెక్చర్ చదవడానికి మరో స్కాలర్‌షిప్ దొరికింది. ఆయన గురించి రాసేవాళ్లు ఈ వడ్రంగాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం అది కేసు మొత్తానికి కీలకం. కప్పు ఎలా నిలబడుతుందో కాగితం మీద నేర్చుకునే ముందే చేత్తో నేర్చుకున్న మనిషి, ఊరివాళ్లకి గీత చూపించి ఊరుకోడు. చేసి చూపిస్తాడు. గాండోలో ఆ అవసరం ఎంత పడిందో ముందుముందు చెబుతాను.

సెలవులకి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఊరి ఆడవాళ్లు తమ దగ్గరున్న చివరి నాణెం తీసి ఆయన చేతిలో పెట్టేవారట. ఎందుకని అమ్మని అడిగితే, నీ చదువుకి వాళ్ల వంతు ఇస్తున్నారు, నువ్వు తిరిగొచ్చి ఊరికి ఏదైనా చేస్తావని నమ్మకం, అని చెప్పిందట. మన పల్లెల్లో పై చదువుకి పోయే మనవడి చేతిలో అవ్వ కొంగుముడి విప్పి నోటు పెట్టడం చూసినవాళ్లకి ఇది అర్థం కాకపోదు. ఆ డబ్బు వెనక ఒక బాకీ ఉంటుంది. కేరే దాన్ని బాకీగానే లెక్కేసుకున్నాడు. 1998లో, చదువుతుండగానే, బెర్లిన్ స్నేహితులతో కలిసి గాండో బడి కోసం ఒక సంఘం పెట్టి చందాలు పోగుచేశాడు. రెండేళ్లలో సుమారు 50 వేల డాలర్లు చేరాయి.

ఊరి పరిస్థితి

ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు. కరెంటు లేదు. వానలు నాలుగు నెలలు దంచి కొట్టి ఆగిపోతాయి. పెద్ద దూలాలు, ఫ్యాక్టరీలో చేసిన స్టీలు సెక్షన్లు తెప్పించాలంటే రవాణా ఖర్చే మింగేస్తుంది. కలప ఖరీదు. సిమెంటు కూడా ఖరీదే. చేతిలో ఉన్నవి ఎర్రటి బంకమట్టి, రాళ్లు, మనుషులు. బయట సులువుగా దొరికేవి కాంక్రీటులో వేసే మామూలు ఇనుప చువ్వలు, ముడతల రేకులు.

గోడలు

బంకమట్టిలో పదో వంతుకి మించకుండా సిమెంటు కలిపి, చేతి మిషన్‌లో నొక్కి తీసిన ఇటుకలతో గోడలు కట్టారు. కప్పు బరువు మోసేవి ఆ గోడలే. మందమైన మట్టి గోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకుంటుంది. బడి వదిలే వేళకి గాని లోపలికి చేరనివ్వదు. మన్ను కప్పిన మన మిద్దె ఇళ్లు దశాబ్దాలుగా చేస్తున్న పని ఇదే.

కానీ ఊరివాళ్లు మట్టి అనగానే ఒప్పుకోలేదు. ప్రతి వానాకాలం తర్వాత మట్టి గోడలు కరిగి, చీలి, మళ్లీ మెత్తాల్సి రావడం వాళ్ల జీవితమంతా చూసిన సంగతి. ఇన్నేళ్లు యూరప్‌లో చదివి వచ్చి మళ్లీ మట్టితోనే బడి కడతానంటాడేంటి, దానికి అంత చదువెందుకు అని అడిగారు. ఇక్కడ చాలామంది రాతగాళ్లు తొందరపడి, పల్లె జనానికి సిమెంటు మోజు అని తేల్చేస్తారు. అది అన్యాయం. రాయలసీమలో మిద్దెలు వదిలి శ్లాబు ఇళ్లకి మారిన కుటుంబాలని అడిగి చూడండి. ఏటేటా మిద్దె మీద చౌడు మన్ను పోయడం, కప్పు మోసే కర్రలు, అంటే దంతెలు, పుచ్చితే మార్చడం, వాన రాత్రుళ్లు గిన్నెలు పెట్టుకుని మేలుకోవడం చెబుతారు. మట్టి మీద అపనమ్మకం అనుభవం నుంచి వచ్చింది. దానికి జవాబు ఉపన్యాసంతో చెప్పలేం, డిజైనులోనే చెప్పాలి.

కేరే జవాబు గోడలో సగం, కప్పులో సగం ఉంది. గోడలో సిమెంటు పాలు, కింద రాతి పునాది. పైన గోడల్ని బాగా దాటి బయటికి వచ్చిన చూరు. వాన చినుకు ఏటవాలుగా వచ్చినా గోడని తాకడం తక్కువ. మట్టిని కాపాడే బాధ్యత మట్టి మీదే వేయకుండా రేకు మీద వేశాడు.

కప్పు

ఈ భవనంలో నేను ఎక్కువసేపు ఆగే చోటు ఇదే.

పేద దేశాల్లో రేకు అంటే చవకైన కప్పు. గోడ మీద పైపులు పరిచి రేకులు బిగించేస్తాం. మధ్యాహ్నం రేకు కాలుతుంది. ఆ వేడి నేరుగా కింద కూర్చున్నవాళ్ల తలల మీదికి దిగుతుంది. కేరే చిన్నప్పుడు కూర్చున్న గదుల్లాంటివి ఆయన దేశంలో ఊరూరా ఉన్నాయి, మన దగ్గరా ఉన్నాయి. ఆయన రేకుని వదిలేయలేదు, గది నుంచి దూరం జరిపాడు.

గది అడ్డంగా కాంక్రీటు బీములు వేశారు. వాటి మీద ఇనుప చువ్వలు పరిచి, వాటి మీద అవే మట్టి ఇటుకలు పేర్చి లోకప్పు చేశారు. ఆ లోకప్పు మీద చాలా ఎత్తుగా, చువ్వలతోనే అల్లిన తేలికపాటి ట్రస్సులు (కప్పుని మోసే త్రికోణాల చట్రాలు) నిలబెట్టి, వాటి మీద రేకులు వేశారు. రెండు కప్పుల మధ్య నలువైపులా తెరిచిన ఖాళీ. రేకు కాలినప్పుడు దాని కింద గాలి వేడెక్కి బయటికి కదులుతుంది, కొత్త గాలి ఆ ఖాళీలోకి వస్తూ ఉంటుంది. గదిలోని వేడి గాలి పైకి లేచి లోకప్పు సందుల్లోంచి అదే ఖాళీలో కలుస్తుంది. దాని స్థానంలో పక్కనున్న కిటికీల నుంచి చల్లటి గాలి వస్తుంది. కిటికీలకి కదిలే ఇనుప రెక్కలు ఉన్నాయి కాబట్టి ఎండ ఆపి గాలి మాత్రం రానివ్వొచ్చు. ఫ్యాను లేదు, కరెంటు లేదు.

ఇందులో బెర్లిన్ వాటా ఏమిటి? ట్రస్సు లెక్క. సన్నటి చువ్వలతో అంత దూరం దాటించడానికి ఏ కోణంలో, ఎన్ని చోట్ల వెల్డ్ చేయాలో అంచనాతో తేలదు. గాలి ఎటు నుంచి ఎటు నడుస్తుందో గీసి చూపగల చదువు కూడా అక్కడిదే. గాండో వాటా ఏమిటి? ఆ ట్రస్సుని చేయడానికి కావలసిన పనిముట్లు ఒక చేతి రంపం, ఒక చిన్న వెల్డింగ్ మిషన్ అని ముందే నిర్ణయించుకోవడం. ఊరి కుర్రాళ్లు నేర్చుకోగల పనిని బట్టి లెక్క నడిచింది, లెక్కని బట్టి పని కాదు. జర్మనీలో మాత్రమే పెరిగిన ఇంజనీరు మంచి స్టీలు సెక్షన్ అడిగి ఉండేవాడు, డబ్బు అక్కడే అయిపోయేది. గాండోలో మాత్రమే పెరిగిన మేస్త్రీకి రేకుని అంత ఎత్తుకి లేపి నిలబెట్టే ధైర్యం వచ్చేది కాదు. రెండు చోట్ల బతికిన మనిషి బలం నాకు ఇక్కడ కనపడుతుంది: ఏ ప్రశ్నని ఏ ఊరు తీసుకెళ్లి అడగాలో ఆయనకి తెలుసు.

ప్లాను గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మూడు గదులు ఒకే వరసలో. గదికీ గదికీ మధ్య కప్పున్న ఖాళీ చోటు, అంతా ఒకే రేకు నీడలో. ఆ ఖాళీల్లో పిల్లలు ఆడతారు, పాఠమూ చెప్పుకుంటారు. చెట్టు నీడలో గుమిగూడే అలవాటున్న ఊరికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. మన రచ్చబండ తెలిసినవాళ్లకీ అక్కర్లేదు. అదే చెట్టు ఆలోచన తర్వాత 2017లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ తాత్కాలిక మండపంగా (పెవిలియన్), ఆ తర్వాత బెనిన్ దేశపు కొత్త పార్లమెంటు భవనం డిజైనుగా పెద్దదైంది.

ఊరిని ఒప్పించిన తీరు

పునాదికి రాళ్లు పిల్లలు ఏరుకొచ్చారు. ఇటుకలకి నీళ్లు ఆడవాళ్లు మోసుకొచ్చారు. నేలని ఆడవాళ్లు వరసగా కూర్చుని, చేతిలోని చెక్కలతో ఒకే తాళంలో గంటల తరబడి కొట్టి నున్నగా చేశారు. మన పెద్దవాళ్లకి దిమ్మిస తెలుసు. గానుగ సున్నంతో మిద్దె గచ్చు వేసేటప్పుడు కూలీలు పాట మీద దెబ్బ కలిపి కొట్టడం తెలుసు. గాండోలోనూ ఆ పద్ధతి ఊరిదే. కేరే దాన్ని కనిపెట్టలేదు, బడి పనిలో దానికి చోటు పెట్టాడు.

శ్రమదానం అంటే కూలి ఖర్చు ఆదా అని మన ఎస్టిమేట్లలో ఒక గడి ఉంటుంది. గాండోలో దాని అసలు ఫలితం వేరే చోట వచ్చింది. ఇటుకలు చేయడం, వెల్డింగ్, కట్టుబడి నేర్చుకున్న కుర్రాళ్లకి చేతిలో పని మిగిలింది. సిమెంటు కలిపి గట్టిపరచిన మట్టి ఇటుకల తయారీ నేర్పడానికి బుర్కినా ప్రభుత్వ సంస్థ ఒకటి సాయపడింది. ఆ కుర్రాళ్లని తర్వాత పట్టణంలో ప్రభుత్వ పనులకి తీసుకునే ప్రయత్నమూ జరిగింది. టీచర్ల జీతాలు ప్రభుత్వం భరించింది. గోడకి పెచ్చు ఊడితే ఎవరు బాగు చేస్తారన్న ప్రశ్న ఆ ఊళ్లో రాదు, కట్టినవాళ్లు అక్కడే ఉన్నారు.

నమ్మకం మాత్రం ఒక్క బడితో రాలేదు. తర్వాతి పనుల్లో మట్టి ఇటుకలతో కమాను కప్పు వేద్దామన్నప్పుడు ఊరు మళ్లీ సందేహించింది. నమూనా కమాను కట్టి, తానే దాని మీదికి ఎక్కి గెంతి చూపించాడు. నాకు ఆ గెంతులో వడ్రంగి కనపడతాడు.

తర్వాత

120 మంది పిల్లలతో మొదలైన బడి కాలక్రమంలో దాదాపు 700 మందికి చేరింది. 2004లో టీచర్లకి ఇళ్లు కట్టారు. జీతం మీద పట్టణం నుంచి వచ్చే టీచరు ఊళ్లో ఆగాలంటే ఉండదగ్గ ఇల్లు కావాలి, అది తెలిసి వేసిన అడుగు. 2008లో బడిని పొడిగించారు. అక్కడ లోకప్పు బల్లపరుపుగా కాక కమానుగా మారింది, గాలి పోయేలా ఇటుకల మధ్య సందులు వదిలారు. గ్రంథాలయానికి ఊళ్లో ఆడవాళ్లు చేసే మట్టి కుండల్ని అడుగు కోసి కప్పులో అమర్చి కాంక్రీటు పోశారు. ఒక్కో కుండ మూతి నుంచీ వెలుతురు దిగుతుంది, వేడి గాలి పైకి పోతుంది. మన మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలే రంధ్రం, అంటే గవాక్షి, చేసే పనిని అక్కడ పదుల కొద్దీ కుండలు పంచుకున్నాయి.

అదే భవనం చుట్టూ యూకలిప్టస్ కర్రల తెర వేశాడు. నేలలో తేమ లాగేస్తుందని, నీడ ఇవ్వదని అక్కడ ఆ చెట్టంటే గిట్టదు. వంటచెరుకుకి, సెంట్రింగ్ గుంజలకి వాడతారు. మన దగ్గర జామాయిల్ తోటల సంగతి దాదాపు ఇదే. ఎవరూ లెక్కచేయని కర్రతో ఎండని వడగట్టే తెర చేయడం నాకు చాలా నచ్చిన పని.

పక్కన పెట్టి చూడాల్సిన ఊరు

మట్టిని నమ్మిన ఆర్కిటెక్టులందరికీ ఈ ఫలితం దక్కలేదు. ఈజిప్టులో హసన్ ఫాతీ 1940ల్లో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అనే ఊరు డిజైన్ చేశాడు. చెక్క సెంట్రింగ్ లేకుండా మట్టి ఇటుకలతో కమానులు లేపే నూబియా మేస్త్రీల విద్యని అస్వాన్ నుంచి తెచ్చి, ఎంతో అందమైన ఇళ్లు, మసీదు కట్టించాడు. పనితనంలో గాండో కంటే ఏ మాత్రం తక్కువ కాదు. కానీ పాత గుర్నా జనాన్ని ప్రాచీన సమాధుల మీద నుంచి ఖాళీ చేయించాలన్నది ప్రభుత్వ ఆలోచన. జనం కదలడానికి ఇష్టపడలేదు, ఊరు సగంలో ఆగిపోయింది. ఫాతీకి కూడా రెండు ప్రపంచాలు తెలుసు. తేడా ఎక్కడంటే, గాండోలో భవనం కావాలని ఊరు ముందే అడిగి ఉంది. నాణేలు ఇచ్చి మరీ అడిగింది.

దక్షిణాదివాళ్లకి, తక్కువ ఖర్చు భవనాల ఆర్కిటెక్టు లారీ బేకర్ వెంటనే గుర్తుకొస్తాడు. బర్మింగ్‌హామ్‌లో పుట్టి, చైనా, పిథోరాగఢ్ మీదుగా తిరువనంతపురం చేరి స్థిరపడిన మనిషి. ఆయనది బయటి నుంచి లోపలికి వచ్చిన దారి. కేరేది లోపలి నుంచి వెళ్లి తిరిగొచ్చిన దారి. బేకర్ ఏళ్ల తరబడి పక్కన కూర్చుని సంపాదించుకున్న నమ్మకం, కేరేకి పుట్టుకతో కొంత దక్కింది. ఊరి పెద్దకి కొడుకు కావడం చిన్న విషయం కాదు. ఈ కేసు నుంచి నేర్చుకునేవాళ్లు ఆ సౌకర్యం తమకి ఉందో లేదో ముందు చూసుకోవాలి.

మన నేల మీదికి తేవాలంటే

నేను పుట్టింది అనంతపురం, బళ్లారి సరిహద్దు ఊళ్లో. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, చదువు చెన్నైలో. కేరే దాటిన దూరంతో పోల్చలేను గానీ, ఒక ఊరి మేస్త్రీ మాటని ఇంజనీరు భాషలోకి, ఇంజనీరు మాటని మేస్త్రీ భాషలోకి మార్చే పని రోజూ చేస్తాను. ఆ అలవాటుతో చెబుతున్నాను, గాండో కప్పుని అన్ని చోట్లా ఎత్తి పెట్టలేం.

కోస్తాలో వద్దు. చూరు పెద్దది, కప్పు తేలిక, కింద తెరిచిన ఖాళీ. తుపాను గాలికి ఈ మూడూ కలిస్తే రేకు పైకి లేచిపోతుంది. 2014లో హుద్‌హుద్ విశాఖలో రేకుల్ని ఏం చేసిందో అందరం చూశాం. అక్కడ ట్రస్సుని బీముల్లోకి గట్టిగా బిగించి, చూరు తగ్గించి, లెక్క మొదటి నుంచీ వేసుకోవాలి. నల్లరేగడి ఊళ్లలో ఆ మట్టితో ఇటుక వద్దు. తడికి ఉబ్బి, ఎండకి పగిలే మట్టి అది, సిమెంటు ఎంత పోసినా దారికి రావడం కష్టం. ఇసుక పాలున్న ఎర్రమట్టి బాగా కుదురుతుంది. గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి కలిపి తేరనిస్తే ఇసుక, ఒండ్రు, బంక పొరలుగా విడిపోతాయి. ఆ పొరలు చూసి మేస్త్రీతోనే పాలు నిర్ణయించుకుంటే అతను ఆ ఇటుకని తనదిగా చూస్తాడు.

ప్రభుత్వ బళ్లని బాగుచేయడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’లో పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా నడిచాయి. ఊరి చేతికి పని ఇవ్వడం మనకి కొత్త కాదన్నమాట. నేను చూసిన చోట్ల సిమెంటు, ఇసుక, రంగులు కమిటీ కొన్నది, లెక్క రాసింది, నాణ్యత కోసం పోట్లాడింది. కప్పు ఎలా ఉండాలన్న ప్రశ్న మాత్రం వాళ్ల ముందుకి రాలేదు. వచ్చి ఉంటే, రేకుల గదిలో చదివి పెద్దయిన అమ్మానాన్నలకి చెప్పడానికి చాలా ఉండేది.

ఇటీవల ఒక ప్రైవేటు ట్రస్టు బడిలో రెండు పాత రేకుల గదులు నా చేతికి వచ్చాయి. కొత్తగా కట్టే డబ్బు లేదు. రేకులు విప్పించి, గోడల మీద బీము వేసి, చువ్వల ట్రస్సులతో అవే రేకుల్ని పైకి లేపాం. లోకప్పుకి దగ్గర్లో చవకగా దొరికే కడప బండలు వాడాం, మధ్య మధ్య సందులు వదిలి. ట్రస్సులు చేసింది ఊళ్లో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు అతను. మొదటి ట్రస్సుని నేల మీద రెండు దిమ్మెల మీద పెట్టి, సిమెంటు బస్తాలు ఒక్కొక్కటీ ఎక్కించి, కమిటీ సభ్యుల ముందే వంగుతుందో లేదో చూపించాం. ఆ తర్వాత ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండు కప్పుల మధ్య పావురాలు చేరకుండా ఇనుప జాలీ బిగించాం. ఆ జాలీ దుమ్ముతో మూసుకుపోతే గాలి నడవదు, మొత్తం పని వృథా. అందుకే ఏటా వేసవి సెలవుల చివర్లో జాలీ విప్పి దులిపే బాధ్యత ఎవరిదో కమిటీ తీర్మానాల పుస్తకంలో రాయించి, నిచ్చెన కొని బడిలోనే ఉంచాం.